రివాల్వర్ లోపలి లాక్‌ను నమ్మొచ్చా? మీ రివాల్వర్‌ను మీరే పరీక్షించుకునే పద్ధతి

అమెరికాలో కొత్తగా రివాల్వర్ కొన్న మనవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఎడమ పక్కన తాళంచెవి పెట్టే చిన్న రంధ్రం ఉంది కదా, కాలుస్తుండగా ఆ లోపలి లాక్ దానంతట అదే పడిపోతుందట, నిజమేనా?" నిజమే, అలా జరిగే అవకాశం ఉంది. కానీ అరుదు. ఏ రివాల్వర్‌లో, ఏ తూటాతో అన్నదాన్ని బట్టి ఆ అవకాశం బాగా మారిపోతుంది. మీ చేతిలో ఉన్న రివాల్వర్ సంగతి ఏమిటో తెలుసుకోవడానికి ఒక సాయంత్రం ఇంట్లో, ఒక పూట షూటింగ్ రేంజ్‌లో గడిపితే చాలు. ఆ పని వరుసగా ఎలా చేయాలో కింద రాస్తున్నాను.

దానికంటే ముందు ఒక మాట. మీరు హెచ్‌1బీ, ఎల్1, ఎఫ్1 లాంటి వీసా మీద ఉంటే, అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీని దగ్గర ఉంచుకోవడమే నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో మీరు ఉన్నారో లేదో లాయర్‌ను అడిగి తేల్చుకున్నాకే షాపు గడప తొక్కండి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు. స్నేహితుడి రివాల్వర్‌ను "రెండ్రోజులు నీ దగ్గర పెట్టుకో" అంటే సరేనని తెచ్చుకున్నా ఇదే చట్టం వర్తిస్తుంది. ఈ విషయం చాలామందికి తెలియదు.

ఈ లాక్ ఎక్కడి నుంచి వచ్చింది

స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1987 నుంచి టామ్‌కిన్స్ అనే బ్రిటిష్ సంస్థ చేతిలో ఉండేది. 2000 మార్చిలో ఆ కంపెనీ క్లింటన్ ప్రభుత్వంతో ఒక ఒప్పందం చేసుకుంది. కొత్త హ్యాండ్‌గన్‌లలో లోపలే లాక్ అమర్చాలన్నది అందులో ఒక షరతు. తుపాకీలు కొనేవాళ్లకు ఒళ్లు మండింది, కంపెనీని బహిష్కరించారు, అమ్మకాలు పడిపోయాయి. 2001 మేలో సేఫ్-టీ-హ్యామర్ అనే చిన్న సంస్థ దాన్ని కోటిన్నర డాలర్లకు కొనేసింది. ఆ చిన్న సంస్థ వ్యాపారమే తుపాకీలకు తాళాలు చేయడం! ఆ తర్వాతి నుంచే ఈ కంపెనీ రివాల్వర్ల పక్కన తాళంచెవి రంధ్రం కనబడడం మొదలైంది. దానికి కొందరు హిల్లరీ పేరు కలిపి వెక్కిరింపు పేరు కూడా పెట్టారు.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, ఆ లాక్ మీద మీరు వినే మాటల్లో సగం ఆనాటి కోపమే. ఆ కోపం వేరు, మన సందేహం వేరు. మనకు కావలసింది ఒక్కటే: ట్రిగ్గర్ నొక్కినప్పుడు రివాల్వర్ పేలుతుందా, లేదా?

ముందుగా మీ దగ్గర ఏ లాక్ ఉందో గుర్తుపట్టండి

స్మిత్ అండ్ వెసన్‌లో రంధ్రం ఫ్రేమ్‌కి ఎడమ వైపున, సిలిండర్ (తూటాలుండే గుండ్రటి భాగం) తెరిచే బటన్‌కి కాస్త పైన ఉంటుంది. తాళంచెవి తిప్పితే హ్యామర్ (తూటాను కొట్టి పేల్చే సుత్తిలాంటి భాగం) ఎడమ పక్క నుంచి ఒక పల్చటి లోహపు రేకు పైకి లేస్తుంది. దాన్ని ఫ్లాగ్ అంటారు. దానికున్న చిన్న బొడిపె హ్యామర్ పక్కనున్న గాడిలో కూర్చుంటుంది, ఇక హ్యామర్ వెనక్కి రాదు. టారస్ కంపెనీ పాత రివాల్వర్లలో లాక్ హ్యామర్ వెనక భాగంలోనే ఉంటుంది, చిన్న స్క్రూ తలలా కనబడుతుంది. రూగర్ కంపెనీ ఎల్‌సీఆర్, న్యూ వకేరో మోడళ్లలో అయితే పిడి కింద దాచారు. పిడి విప్పితే తప్ప కనబడదు. కాబట్టి పొరపాటున తిరిగే ప్రశ్న లేదు, రోజూ వాడుకునే వీలూ లేదు. కొత్తగా వస్తున్న కోల్ట్ కోబ్రా, పైథాన్ లాంటి వాటిలో తాళంచెవి లాక్ అసలు లేదు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. రివాల్వర్ లోపల హ్యామర్ బ్లాక్ అనే ఇంకో భాగం ఉంటుంది. అది కింద పడ్డా రివాల్వర్ పేలకుండా ఆపేది. 1944లో అమెరికా నౌకాదళం రివాల్వర్ ఒకటి ఓడ డెక్ మీద పడి పేలి ఒక నావికుడు చనిపోయాక, స్మిత్ అండ్ వెసన్ ఇప్పుడున్న జారుడు హ్యామర్ బ్లాక్‌ను తెచ్చింది. రూగర్‌లో ఆ పనే ట్రాన్స్‌ఫర్ బార్ చేస్తుంది. తాళంచెవి లాక్‌కు, దీనికి సంబంధం లేదు. "సేఫ్టీ తీసేయించాను" అని ఎవరైనా గొప్పగా చెబితే ఏ సేఫ్టీ అని అడగండి. హ్యామర్ బ్లాక్ తీసేసిన రివాల్వర్‌ను జేబులో పెట్టుకు తిరగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

అనుమానం ఎక్కడ బలంగా ఉంటుంది

ఫ్లాగ్‌ను కింద పట్టి ఉంచేది ఒక చిన్న స్ప్రింగ్. బరువైన స్టీల్ రివాల్వర్‌లో .38 స్పెషల్ అనే మామూలు తూటా కాలిస్తే కుదుపు ఆ స్ప్రింగ్‌ను ఏమీ చేయలేదు. కానీ స్కాండియం కలిపిన అల్యూమినియం ఫ్రేమ్, టైటానియం సిలిండర్‌తో చేసిన స్మిత్ అండ్ వెసన్ 360 పీడీ బరువు 350 గ్రాముల లోపే. అరలీటరు నీళ్ల సీసా కంటే తేలిక. అందులో .357 మాగ్నమ్ అనే బలమైన తూటా కాలిస్తే చేతిలో సుత్తి దెబ్బ తగిలినట్టు ఉంటుంది. 329 పీడీ సుమారు 700 గ్రాములు, అందులో కాల్చేది .44 మాగ్నమ్. ఫ్రేమ్ ఒక్కసారిగా వెనక్కీ పైకీ ఎగిరితే లోపలి తేలికపాటి భాగాలు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి. బస్సు సడన్‌గా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టే. స్ప్రింగ్ బలహీనంగా ఉన్నా, ఫ్లాగ్ సరిగ్గా కూర్చోకపోయినా ఆ కుదుపుకి ఫ్లాగ్ కదిలి హ్యామర్‌ను పట్టేసే వీలుంది. లాక్ పడిందని వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువగా వినిపించేవి ఇలాంటి తేలిక రివాల్వర్, బలమైన తూటా కలిసిన సందర్భాలే.

కాబట్టి మీది స్టీల్ రివాల్వర్ అయి, కాల్చేది .38 అయితే కంగారు పడకుండా కింది పరీక్ష చేసుకోండి. తేలిక మాగ్నమ్ అయితే ఒక్క అడుగు కూడా వదలొద్దు.

ఇంట్లో చేసే పరీక్ష

సిలిండర్ తెరిచి, మూతి పైకెత్తి, ఎజెక్టర్ రాడ్‌ను (తూటాలను బయటికి తోసే కడ్డీని) గట్టిగా ఒకేసారి నొక్కి తూటాలన్నీ బయటికి తీయండి. సిలిండర్‌లో తూటాలు పట్టే గదులు ఎన్ని ఉంటే అన్నిటిలో వేలితో తడిమి చూడండి. కంటితో చూసి సరిపెట్టుకోవద్దు, వేలు పెట్టి లెక్కపెట్టండి. ఆ తూటాల్ని ఇంకో గదిలో పెట్టి తలుపు వేసి రండి. పరీక్ష జరిగే గదిలో నిజమైన తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. ఖాళీ అని తెలిసినా మూతి మనిషి లేని వైపే, ఇటుక గోడ వైపో, పుస్తకాల బీరువా వైపో పెట్టండి. అవతల గదిలో పిల్లలు పడుకుని ఉంటే ఆ గోడ పనికిరాదు.

.38, .357, .44 రివాల్వర్లను ఖాళీగా నొక్కితే సాధారణంగా ఇబ్బంది లేదు. .22 అయితే డమ్మీ తూటాలు లేకుండా నొక్కొద్దు, గది అంచు దెబ్బతింటుంది. ఎలాగూ పరీక్ష కోసం డమ్మీలు ఒక సెట్టు కొనుక్కోవడం మంచిదే.

ఇప్పుడు ఫోన్ టార్చ్ వేసి హ్యామర్ ఎడమ పక్కన చూడండి. లాక్ తీసి ఉన్నప్పుడు ఫ్లాగ్ పూర్తిగా కిందికి దిగి ఉండాలి. దానికీ ఫ్రేమ్‌కీ మధ్య జేబు నూలు, ఎండిన నూనె, కాలిన మందు మసి ఏమైనా ఉందా చూడండి. జేబులో పెట్టుకు తిరిగే రివాల్వర్లలో ఈ నూలు ఎంత పేరుకుపోతుందో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. నైలాన్ బ్రష్‌తో తుడవండి. నూనె ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే అదే జిగురై మసిని పట్టుకుంటుంది.

పెట్టెలో వచ్చిన తాళంచెవితో, మాన్యువల్‌లో చెప్పిన దిక్కుకే, లాక్‌ను పదిసార్లు వేసి తీయండి. తీసినప్పుడూ వేసినప్పుడూ వేళ్లకి స్పష్టంగా తెలిసేలా టక్కున కూర్చోవాలి. మధ్యలో ఎక్కడా ఆగకూడదు. మెత్తగా, రబ్బరు తిప్పినట్టు తిరిగితే, పదిలో ఒక్కసారైనా ఫ్లాగ్ సగంలో నిలబడితే, పరీక్ష అక్కడితో ఆపేయండి. ఆ రివాల్వర్ కంపెనీ సర్వీస్‌కి వెళ్లాలి, రేంజ్‌కి కాదు.

అది సరిగ్గా ఉంటే లాక్ తీసి, డమ్మీలు వేసి, ట్రిగ్గర్‌ను నెమ్మదిగా పూర్తిగా నొక్కండి. మనిషి లేని వైపులే చూసుకుని, మూతిని నేల వైపు, పైకి, కుడికి, ఎడమకి వంచి ఒక్కో దిక్కులో ఐదేసి సార్లు నొక్కండి. మంచంపై పడుకుని కాల్చాల్సి వస్తే రివాల్వర్ ఏ కోణంలో ఉంటుందో మీకెలా తెలుస్తుంది? అందుకే అన్ని కోణాలూ. ఇంకొకరితో ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయించండి, తీసేవాళ్లు మీ వెనక నిలబడాలి. ఆ వీడియోలో హ్యామర్ వెనక్కి వచ్చి పడే ప్రతిసారీ ఫ్లాగ్ వణుకుతోందా, కదలకుండా ఉందా చూడండి. వెంట్రుకవాసి వణుకు మామూలే. లేచి మళ్లీ పడుతుంటే మాత్రం స్ప్రింగ్ పని అయిపోయినట్టే.

రేంజ్‌లో చేసే పరీక్ష

ఇంట్లో ఎన్నిసార్లు నొక్కినా అసలు కుదుపు అక్కడ ఉండదు. లాక్ సంగతి తేలేది నిజమైన తూటాతోనే.

నేనైతే రెండు వందల రౌండ్లు పెడతాను. మొదటి నూట యాభై మామూలు ప్రాక్టీస్ తూటాలు. చివరి యాభై మాత్రం ఆత్మరక్షణ కోసం అందులో ఏ తూటా పెట్టుకోబోతున్నారో అదే బ్రాండ్, అదే బరువు. ఖర్చు ఎక్కువే, నాకూ తెలుసు. కానీ అర్ధరాత్రి పన్నెండింటికి షాపు కౌంటర్ వెనక మీరు నమ్ముకునేది ఆ తూటానే అయితే, పరీక్షించాల్సింది దాన్నే. తేలిక మాగ్నమ్‌లో ఒకే రోజు యాభై కాల్చడం చెయ్యికి మంచిది కాదు, రెండు మూడు విడతలుగా చేయండి.

తూటా కొనేముందు బ్యారెల్ మీద ఏం చెక్కి ఉందో చదవండి. 360 పీడీ మీద .357 తూటా గుండు (తూటా కొనన ఉండి ఎగిరి వెళ్లే భాగం) బరువు 120 గ్రెయిన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలని రాసి ఉంటుంది. అది అలంకారానికి చెక్కింది కాదు.

ప్రతి సిలిండర్ అయ్యాక మూతి టార్గెట్ వైపే ఉంచి, సిలిండర్ తెరిచి, ఫ్లాగ్‌ను చూడండి. చిన్న నోట్‌బుక్‌లో ఒక గీత గీయండి. కాల్చేటప్పుడు రివాల్వర్‌ను గట్టిగా పట్టుకుని కొంతసేపు, ఒంటి చేత్తో వదులుగా కొంతసేపు కాల్చండి. వదులుగా పట్టుకుంటే కుదుపు ఎక్కువగా ఉంటుంది. భయంలో పట్టు సరిగ్గా ఉండదు కాబట్టి ఆ పరీక్ష కూడా కావాలి.

రివాల్వర్ ఆగిపోతే ఏం చేయాలి

ఈ భాగాన్ని నేను అనుభవంతో నేర్చుకున్నాను.

మూడేళ్ల కిందట డాలస్ దగ్గర ఒక ఇండోర్ రేంజ్‌లో తేలికపాటి .357తో కాలుస్తున్నాను. చవగ్గా దొరికాయని సీసం గుండ్ల తూటాలు కొన్నాను. నాలుగు పేలాయి. ఐదోసారి ట్రిగ్గర్ సగం దూరం వచ్చి రాయిలా ఆగిపోయింది. గట్టిగా లాగినా కదల్లేదు. పక్కనున్న తమ్ముడితో "ఇదిగో, నేను చెప్పలేదా, లాకే పడిపోయింది" అన్నాను. అప్పటికే అంత టెన్షన్‌లో ఉన్నాను. రేంజ్ ఆఫీసర్ వచ్చి నా చెయ్యి కదలనివ్వకుండా, మూతి టార్గెట్ వైపే ఉంచి, పక్క నుంచి వంగి చూశాడు. లాక్ ఫ్లాగ్ వైపు చూడనే లేదు. సిలిండర్ ముందు భాగం చూపించాడు. ఐదో తూటా గుండు, కేసులోంచి (గుండును పట్టి ఉంచే లోహపు గొట్టంలోంచి) ముందుకి జారి, బియ్యపు గింజ మందం మేర సిలిండర్ బయటికి పొడుచుకొచ్చింది. అది ఫ్రేమ్‌కి తగులుకుని సిలిండర్ తిరగడం లేదు. లాక్‌కు ఏ పాపం తెలియదు.

అందుకే రివాల్వర్ ఆగిన క్షణంలో మీరు చేయాల్సినవి ఇవి. మూతి కదపకండి. ట్రిగ్గర్ మీద వేలు తీసేయండి. ముప్పై సెకన్లు ఆగండి, ఎందుకంటే కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి. రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి. ఆ తర్వాత బలం ఉపయోగించకుండా, కళ్లతో మాత్రమే, ఏం ఆగిందో చూడండి.

హ్యామర్ పడింది, టక్ మంది, కానీ పేలలేదు అంటే అది లాక్ కాదు. లాక్ పడితే హ్యామర్ పడనే పడదు. తూటా అడుగున హ్యామర్ దెబ్బ తగిలే ప్రైమర్ మీద సన్నటి గుంట పడి ఉంటే హ్యామర్ దెబ్బ చాల్లేదన్నమాట. పిడి ముందు భాగంలో ఉండే మెయిన్‌స్ప్రింగ్ (హ్యామర్‌కి బలమిచ్చే స్ప్రింగ్) స్క్రూ వదులైన రివాల్వర్లలో ఇది చాలా మామూలు. గుంట లోతుగా ఉంటే తూటాదే తప్పు.

సిలిండర్ తిరగక ట్రిగ్గర్ ఆగిపోతే అనుమానించాల్సినవి నాలుగు. గుండు ముందుకి జారడం, నాకు జరిగింది అదే. ప్రైమర్ పూర్తిగా లోపలికి కూర్చోక వెనక ఫ్రేమ్‌కి రాసుకోవడం. ఎజెక్టర్ రాడ్ చివరి నక్షత్రం ఆకారపు భాగం కింద కాలని మందు రేణువులు ఇరుక్కోవడం. ఎజెక్టర్ రాడ్ మరలు వదులై పొడవు పెరిగి సిలిండర్ తిరగకుండా, తెరుచుకోకుండా బిగుసుకుపోవడం. చివరిది జరిగితే ప్లయర్స్ తీసుకుని ఎడాపెడా తిప్పకండి. ఇప్పటి స్మిత్ అండ్ వెసన్ రాడ్‌లకు మరలు ఎడమ చేతి వాటం, మనకు అలవాటైన దిక్కుకు తిప్పితే ఇంకా ఊడుతుంది.

హ్యామర్ వెనక్కి రావడం లేదు, సిలిండర్ ముందు ఏమీ పొడుచుకు రాలేదు, ఫ్లాగ్ మాత్రం లేచి కనబడుతోంది అంటే, అప్పుడు అది లాకే. ఏదీ కదపకముందే ఫ్లాగ్‌ను ఫోన్‌లో ఫొటో తీయించండి, కంపెనీకి చూపించడానికి అదే మీ సాక్ష్యం. తర్వాత రేంజ్ ఆఫీసర్ సమక్షంలో తాళంచెవితో లాక్ తీసి, రివాల్వర్ ఖాళీ చేయండి. తాళంచెవి ఇంట్లో మర్చిపోతే లాక్ తీయడం సాధ్యం కాదు. అందుకే రేంజ్‌కి వెళ్లేటప్పుడు తాళంచెవి బ్యాగ్‌లో ఉండాల్సిందే. పిడితో బల్ల మీద కొట్టడం, స్క్రూడ్రైవర్‌తో ఫ్లాగ్‌ను కిందికి నొక్కడం చేయొద్దు, అందులో నిజమైన తూటా ఉంది.

తేలిక మాగ్నమ్ ఉన్నవాళ్లు గుండు జారే పరీక్ష విడిగా ఒకసారి చేయండి. ఐదు తూటాలు వేసే ముందు ఒకదాని పొడవును వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిచి, మార్కర్‌తో గీత పెట్టండి. దాన్ని చివర్లో పేలే గదిలో వేసి మిగతా నాలుగు కాల్చండి. ఐదోదాన్ని కాల్చకుండా బయటికి తీసి మళ్లీ కొలవండి. పొడవు కొంచెమైనా పెరిగితే ఆ బ్రాండ్ ఆ రివాల్వర్‌కి పనికిరాదు. సీసం గుండ్లు ఇలా జారడం ఎక్కువ. రాగి తొడుగు ఉండి, కేసు అంచు గట్టిగా బిగించిన తూటాలకు మారాక నాకు ఆ సమస్య మళ్లీ రాలేదు. కొలిచిన ఆ ఐదో తూటాను మళ్లీ రివాల్వర్‌లో పెట్టొద్దు, పక్కన పెట్టేయండి.

లాక్ పడిన రివాల్వర్‌ను ఏం చేయాలి

ఒక్కసారి పడినా చాలు, దాన్ని ఆత్మరక్షణ పని నుంచి తప్పించండి. "మళ్లీ నూరు రౌండ్లు కాల్చాను, పడలేదు" అని సర్దుకోవద్దు. కంపెనీ సర్వీస్‌కి ఫోన్ చేసి ఏ తూటా, ఎన్నో రౌండ్, ఫ్లాగ్ ఎక్కడ ఉంది అని మీ నోట్‌బుక్ చూసి చెప్పండి. పంపే పద్ధతి వాళ్లే చెబుతారు. సొంతంగా పోస్టాఫీసుకు తీసుకెళ్లకండి. మామూలు పౌరులు హ్యాండ్‌గన్‌ను అమెరికా పోస్టులో పంపడంపై చట్టపరమైన ఆంక్షలు ఉన్నాయి. తిరిగి వచ్చాక పైన చెప్పిన పరీక్ష మొత్తం మొదటి నుంచి చేయండి.

ఇక చాలామంది అడిగే ఇంకో ప్రశ్న: "లాక్ భాగం తీసేసి, రంధ్రం మూసేసే ప్లగ్ పెట్టేస్తే పోదా?" ఆ పని మీరు చేయొద్దని గట్టిగా చెబుతాను. సైడ్ ప్లేట్‌ను (ఫ్రేమ్ పక్కనుండే మూతను) స్క్రూడ్రైవర్‌తో పైకి లేపబోయి అంచు వంచేసిన రివాల్వర్లు చూశాను. తిరిగి బిగించేటప్పుడు హ్యామర్ బ్లాక్‌ను లోపల పెట్టడం మర్చిపోయినా రివాల్వర్ మామూలుగానే పేలుతుంది, తేడా తెలియదు. అది తెలిసేది కింద పడ్డ రోజే. కంపెనీ వారంటీ పోవచ్చు. రాష్ట్ర చట్టాలు కూడా ఒకేలా ఉండవు. మేరీలాండ్‌లో 2002 డిసెంబర్ 31 తర్వాత తయారైన హ్యాండ్‌గన్‌ను డీలర్ అమ్మాలంటే అందులోనే అమర్చిన మెకానికల్ లాక్ ఉండాలి.

లాక్ మీద మీకు నమ్మకం కుదరకపోతే మార్గం సులువు. దాన్ని రేంజ్ సరదాకి ఉంచుకుని, రక్షణకి లాక్ లేని రివాల్వర్ కొనుక్కోండి. స్మిత్ అండ్ వెసన్‌లోనే 442, 642 లాక్ లేకుండా దొరుకుతాయి. 2024లో వచ్చిన అల్టిమేట్ క్యారీ మోడళ్లలో కూడా లాక్ లేదు. 442, 642 వాటిలో హ్యామర్ పూర్తిగా లోపలే ఉంటుంది, జేబు గుడ్డకు తగులుకోదు. కొనేముందు షాపులో ఎడమ పక్కన రంధ్రం ఉందో లేదో కళ్లారా చూడండి, ఎందుకంటే అదే మోడల్ నంబర్‌తో రెండు రకాలూ ఉన్నాయి. పాత సరుకు కొనేటప్పుడు మరీ జాగ్రత్త.

నా మట్టుకు నేను స్టీల్ .38 ఒకటి, లాక్ ఉన్నదే, ఏళ్ల తరబడి వాడుతున్నాను. పరీక్షలో నెగ్గింది కాబట్టి దాని లాక్ గురించి నాకు దిగులు లేదు.

ఇంట్లో దాచే విషయం

ఇదే నన్ను ఎక్కువ కలవరపెట్టే విషయం. లాక్ ఉంది కదా అని రివాల్వర్‌ను బీరువాలో చీరల కింద పెట్టేవాళ్లను చూశాను. లోపలి లాక్ రివాల్వర్‌ను ఎవరూ ఎత్తుకుపోకుండా ఆపదు. తాళంచెవి అదే డ్రాయర్‌లో ఉంటే పిల్లల్నీ ఆపదు. లాక్ వేయడం మర్చిపోయిన ఒక్క రాత్రి చాలు.

ఒక స్టీల్ లాక్‌బాక్స్ కొనండి. నంబర్ బటన్లు ఉన్నది, కేబుల్‌తో మంచానికో బీరువా ఇనుప చట్రానికో కట్టేసేది. తూటాలతో ఉన్న రివాల్వర్ ఆ బాక్స్‌లోనే ఉండాలి, తలగడ కింద కాదు. లోపలి లాక్ వేయాలనుకుంటే రివాల్వర్ ఖాళీ చేశాకే వేయండి. ఊరికి వెళ్లేటప్పుడు, విమానంలో సూట్‌కేసులో చెక్-ఇన్ చేసి పంపేటప్పుడు అది అదనపు ధీమాగా పనికొస్తుంది. రాత్రి అవసరానికి ఉంచిన రివాల్వర్‌కి మాత్రం లోపలి లాక్ వేసి ఉంచడం వృథా. చీకట్లో, వణికే చేతితో ఆ చిన్న తాళంచెవిని ఆ చిన్న రంధ్రంలో పెట్టడం ఎంత కష్టమో పగలు లైటు ఆర్పి ఒకసారి ఖాళీ రివాల్వర్‌తో ప్రయత్నించి చూడండి, మీకే తెలుస్తుంది.

టెక్సాస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లలకు అందేలా తూటాలున్న తుపాకీని వదిలేస్తే పెద్దవాళ్ల మీద కేసు పడుతుంది. మీ రాష్ట్రంలో ఏముందో చూసుకోండి. దుకాణంలో రివాల్వర్ కొన్నప్పుడు డీలర్ దాంతో పాటు తాళమో, భద్రపరిచే పెట్టో ఇవ్వాలని 2005 నాటి ఫెడరల్ చట్టం చెబుతోంది. ఆ కేబుల్ తాళాన్ని చాలామంది పెట్టెలోంచి బయటికి కూడా తీయరు. ఖాళీ రివాల్వర్‌కి అది చక్కగా పనికొస్తుంది.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో ఆరు నెలలకు వస్తారు. ఇల్లు సర్దుతూ ప్రతి డ్రాయర్ తెరుస్తారు, పాపం మంచి మనసుతోనే. మా అత్తగారు వచ్చిన మొదటి వారంలో మంచం పక్కన బాక్స్ చూసి "ఇందులో నగలున్నాయా బాబూ, బ్యాంకు లాకర్‌లో పెట్టకూడదా" అని అడిగారు. అప్పుడే కూర్చోబెట్టి అందులో ఏముందో చెప్పాను. అది ఎందుకు ముట్టుకోకూడదో, మనవడు దాని దగ్గరికి వెళ్తే ఏం చేయాలో నెమ్మదిగా చెప్పాను. దాచిపెట్టి ఉంచితే ఏదో ఒకరోజు ఆవిడే దుమ్ము తుడవడానికి దాన్ని పక్కకి జరిపేవారు.

తాళంచెవులు రెండు ఉంటే ఒకటి మీ కారు తాళాల గుత్తిలో వేసుకోండి, రేంజ్‌కి అది మీతోనే వస్తుంది. రెండోదాన్ని రివాల్వర్ ఉన్న బాక్స్‌లో కాకుండా పాస్‌పోర్టులు పెట్టే చోట ఒక కవర్లో పెట్టి, పైన రివాల్వర్ సీరియల్ నంబర్, చివరిసారి పరీక్షించిన తేదీ రాయండి. ఏడాదికోసారి ఆ కవర్ తీసినప్పుడు ఇంటి పరీక్ష మళ్లీ చేసి, కొత్త తేదీ వేయండి.